వెనక బండి ఎవరిది?

నాలుగు వానలు పడ్డాయంటే చాలు, ఆదివారం తెల్లవారకముందే అప్పా జంక్షన్ దగ్గర బండ్లు బారులు తీరతాయి. థార్‌లు, జిమ్నీలు, గూర్ఖాలు, ఫార్చ్యూనర్‌లు, మధ్యలో ఒకటి రెండు పాత జిప్సీలు. చేవెళ్ల మర్రిచెట్ల కిందుగా వికారాబాద్ వైపు సాగిపోతాయి. నెత్తిన లైట్ల బార్లు, వెనక నిచ్చెనలు, పక్కన జెర్రీ క్యాన్లు, బానెట్ పక్కన స్నార్కెల్ గొట్టాలు. కొన్ని బండ్ల మీద అలంకారానికే లక్షలు పోశారు. అలాంటి బండి ఒకదాన్ని ఆపి, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుందో అడగండి. కంపెనీ ఇచ్చిన పెట్టె సీలు కూడా విప్పకుండా ఏ మూలో పడి ఉంటుంది. అందరికన్నా ముందు నడిచే బండి ఎవరిదని అడగండి, ఠక్కున పేరు చెబుతారు. అందరికన్నా వెనక వచ్చేది ఎవరని అడగండి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అలా మొహాలు చూసుకోవడం మీదే నా కోపమంతా.

ఆఫ్‌రోడింగ్ అంటే నాకు ఇష్టం. రాళ్ళ మీద ఒక్కో చక్రాన్ని ఆచితూచి పెడుతూ, ఫోర్ లో (4L) అనే తక్కువ గేర్‌లో బండిని నత్తనడకన ఎక్కించడంలో ఉన్న ఆనందం హైవే మీద నూట నలభైలో పోయేవాడికి తెలియదు. ఓర్పు ఉన్నవాళ్ళు ఆడాల్సిన ఆట అది. దాన్ని ఇవాళ ఎవరి చేతుల్లో పెట్టామో చూస్తుంటే కడుపు మండుతోంది. గుంపుగా వెళ్ళేటప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. మన దగ్గర గుంపు కట్టగానే ఉన్న కాస్త జాగ్రత్తా గాలికి పోతోంది. ఇంతమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ప్రతివాడూ అనుకుంటాడు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండరు.

గుంపుగా అడవిదారి పట్టడానికి ఒక పద్ధతి ఉంది. కొండల్లో, ఎడారుల్లో బండ్లు నడిపినవాళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్న పద్ధతి. అందరికన్నా ముందు దారి తెలిసినవాడు ఉండాలి. అందరికన్నా వెనక బాగా అనుభవం ఉన్నవాడు, లాగడానికి, బాగుచేయడానికి సామాను ఉన్నవాడు ఉండాలి. ఆ వెనకవాడిని స్వీప్ అంటారు. కొత్తవాళ్ళను పాతవాళ్ళ మధ్య నడిపించాలి. బయల్దేరేటప్పుడు బండ్లు లెక్కపెట్టాలి, ఆగిన ప్రతిచోటా మళ్ళీ లెక్కపెట్టాలి. ప్రతివాడూ తన వెనక బండిని అద్దంలో చూసుకుంటూ పోవాలి. అద్దంలో కనబడకపోతే ఆగాలి. నువ్వు ఆగితే నీ ముందువాడి అద్దంలో నువ్వు కనబడవు కాబట్టి వాడూ ఆగుతాడు, వాడి ముందువాడూ ఆగుతాడు. కాసేపట్లో మొత్తం వరస ఆగిపోతుంది. దారి చీలిన చోట, నువ్వు ఎటు తిరిగావో వెనకవాడు చూశాడని తేలేదాకా కదలకూడదు. వాకీటాకీ లేకపోయినా, ఫోన్ సిగ్నల్ లేకపోయినా పనిచేసే పద్ధతి ఇది. దీనికి పైసా ఖర్చు లేదు. వెనక్కి చూడాలన్న బుద్ధి ఉంటే చాలు.

ఆ బుద్ధి ఎంత కరువైందో కళ్ళారా చూశాను. తలా ఇంతని డబ్బు కట్టించుకుని, టీషర్టులు పంచి తీసుకెళ్ళిన ట్రిప్ అది. పేరు అనవసరం, అలాంటివి చాలానే ఉన్నాయి. మధ్యాహ్నం మామిడితోటలో అందరం భోజనాలకు కూర్చున్నాం. బిర్యానీ ప్యాకెట్లు మూడు మిగిలాయి. అవి మిగిలాయి కాబట్టి తెలిసింది, ఒక బండి రాలేదని! అంతవరకూ ఒక్కరూ లెక్కపెట్టలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే, అడవిలో దారి రెండుగా చీలిన చోట తప్పు వైపు కిలోమీటరు దూరంలో నిలబడిపోయిన జిమ్నీ కనబడింది. భార్యాభర్తలు, ఐదేళ్ళ పాప. రాయి కోసుకుని టైరు పక్కగోడ చీలిపోయింది. జాకీ వేస్తే బురదలోకి దిగిపోతోంది. దాని కింద పెట్టడానికి చిన్న చెక్కముక్క ఉంటే సరిపోయేది, అది వాళ్ళ దగ్గర లేదు, తెచ్చుకొమ్మని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తాగే నీళ్ళు అయిపోయాయి. పాప ఏడ్చి ఏడ్చి తల్లి ఒళ్ళో నిద్రపోయింది. "హారన్ కొట్టాం అన్నా, చాలాసేపు కొట్టాం. ఎవరూ రాలేదు" అని ఆయన అంటుంటే, మా వాళ్ళలో ఒకరైనా ఆయన కళ్ళలోకి చూడలేకపోయారు.

తర్వాత నిర్వాహకుడిని నిలదీస్తే వచ్చిన జవాబు ఇది: "అందరూ పెద్దవాళ్ళే కదండీ. ఎవరి బండి వాళ్ళే చూసుకోవాలి. ఫారం మీద సంతకం పెట్టారు కదా!"

ఆ ఫారం సంగతి చెప్పుకోవాలి. "ఏం జరిగినా మా బాధ్యత లేదు" అని రాసి ఉన్న కాగితం. పొద్దున్నే టీ కప్పుతో పాటు చేతికిస్తారు, బానెట్ మీద పెట్టి సంతకం గీకేస్తారు. అదొక్కటే వాళ్ళు శ్రద్ధగా చేసే పని. ఎవరికి ఏ బ్లడ్ గ్రూపో అడగరు. దగ్గరి ఆస్పత్రి ఎంత దూరమో చెప్పరు. ఏ మలుపు దాకా 108 అంబులెన్స్ రాగలదో, అక్కడిదాకా దెబ్బతిన్నవాడిని ఎలా మోసుకురావాలో ఆలోచించరు. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో, మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో ముందే చూసిరారు. సంతకాలు మాత్రం ఒక్కటి తక్కువ కాకుండా లెక్కపెట్టుకుంటారు. మనుషుల్ని లెక్కపెట్టడానికి లేని ఓపిక కాగితాలకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక ఇరుక్కున్న బండిని లాగడం. ఈ ఆటలో ప్రాణాలు తీసేది ఎక్కువగా లోయలు అనుకుంటారు. తాడు కూడా తీస్తుంది. బురదలో కూరుకుపోయిన రెండు టన్నుల బండిని లాగేటప్పుడు తాడులో, దానికి తగిలించిన ఇనుములో ఎంత శక్తి బిగిసి ఉంటుందో ఊహించండి. ఆ ఇనుము విరిగినా, కొక్కెం ఊడినా, ఆ శక్తంతా ఒక్క క్షణంలో ఏదో ఒక దిక్కుకు దూసుకుపోతుంది. ట్రైలర్ తగిలించుకునే టో బాల్‌కు తాడు వేసి లాగితే అది విరిగి, అద్దం పగలగొట్టుకుని లోపలివాళ్ళ ప్రాణాలు తీసిన ఘటనలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అందుకే అంత బరువుకు తట్టుకునేలా చట్రానికి బిగించిన రికవరీ పాయింట్‌కు తప్ప మరెక్కడా తాడు తగిలించకూడదని అక్కడ పసివాడికి చెప్పినట్టు చెబుతారు.

మన దగ్గర నేను చూసింది వినండి. కుంట ఒడ్డున నల్ల బురదలో ఒక థార్ ఇరుసుల దాకా దిగింది. పార తీసి చక్రాల ముందు మట్టి తవ్వాలని గానీ, టైర్లలో గాలి తగ్గించాలని గానీ ఎవరికీ తోచలేదు. లారీ సరుకు బిగించే నైలాన్ మోకులు రెండు తెచ్చారు. పొడవు చాలలేదని మధ్యలో షాకిల్ అనే ఇనుప కొలికి పెట్టి రెండింటినీ కలిపారు. ఒక కొసను ముందు బంపర్‌లో ఉండే చిన్న కొక్కేనికి కట్టారు. పాడైన బండిని తారురోడ్డు మీద మెల్లగా లాక్కుపోవడానికి ఇచ్చిన కొక్కెం అది, బురదలోంచి పెరికే బలం దానికి లేదు. తాడుకు ఇటు అటు జనం, మూడు గజాల దూరంలో, చేతుల్లో ఫోన్లు. "లాగు, లాగు" అని ఒకరు, "ఆపు, ఆపు" అని ఇంకొకరు. లాగే బండి పరుగు తీసి ఒక్క కుదుపు కుదిపింది. కొక్కెం ఊడింది. షాకిల్ గాల్లోకి లేచి, లాగుతున్న బండి వెనక అద్దంలోంచి దూరి, వెనక సీటు తలగడలో గుచ్చుకుని ఆగింది. ఐదు నిమిషాల ముందు ఆ సీట్లో ఒక కుర్రాడు కూర్చుని చిప్స్ తింటున్నాడు. వీడియో తీయడానికి దిగాడు కాబట్టి బతికాడు.

తర్వాత ఏం జరిగిందో అది నన్ను ఇంకా ఎక్కువ బాధిస్తోంది. ఈలలు వేశారు. చప్పట్లు కొట్టారు. ఆ షాకిల్ ఎగిరిన క్షణాన్ని స్లో మోషన్‌లో పెట్టి, సినిమా పాట కలిపి, సాయంత్రానికి రీల్ చేశారు. ఒక ప్రాణం వెంట్రుకవాసిలో తప్పించుకుంటే వాళ్ళకు అది వినోదం అయింది. చీమ కుట్టినంత బాధ కూడా ఎవరి మొహంలోనూ లేదు.

ఆ రోజు పాటించాల్సినవి ఎంత చిన్నవో చూడండి. లాగే పని మొత్తం ఒక్కరి మాట మీద నడవాలి, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా అందరూ ఆగాలి. రెండు బండ్లలోనూ డ్రైవర్ తప్ప ఎవరూ ఉండకూడదు. చూసేవాళ్ళు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, తాడు వరసకు పక్కగా నిలబడాలి. బిగిసిన తాడు మీంచి దాటకూడదు. తెగితే ఎగరకుండా తాడు మధ్యలో బరువైన దుప్పటో, తడి గోనెసంచో వేయాలి. తాడుకు తాడు ఇనుముతో కలపకూడదు. ఇవి తెలుసుకోవడానికి ఒక పూట చాలు. అలంకారాలకు పోసిన డబ్బులో కొంత పెడితే సరైన తాడు, తాడుతో అల్లిన మెత్తని షాకిళ్ళు, ఒక పార వస్తాయి. అడవిలో తాడు బిగించే చోట ఫొటోలు తీసేవాళ్ళు పాతికమంది ఉంటే, పార పట్టేవాడు ఒక్కడు ఉండడు.

కొండ ఎక్కేటప్పుడూ ఇదే కథ. వాలు మీద ఒక్కసారికి ఒక్క బండే ఉండాలి. అది పైకి చేరి, దారి వదిలిందని కబురు వచ్చాకే రెండోది కదలాలి. ఎక్కలేక ఆగిపోతే అక్కడే బండిని పక్కకు తిప్పకూడదు, తిప్పితే దొర్లుతుంది. రివర్స్ గేర్‌లో వచ్చిన దారినే తిన్నగా దిగాలి. మామూలుగా వాలు దిగేటప్పుడూ క్లచ్ తొక్కకూడదు, ఫోర్ లో మొదటి గేర్‌లో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వేగం ఎంత తక్కువైనా సీటు బెల్టు పెట్టుకోవాలి, చెయ్యి కిటికీ బయటకు పెట్టకూడదు. దొర్లే బండి కింద పడితే ఆ చెయ్యి ఇక ఉండదు. ఇవన్నీ పక్కనపెట్టి, ఒకడి తోకకు ఒకడు అంటుకుని మూడు నాలుగు బండ్లు వాలు ఎక్కడం ప్రతి ఆదివారం చూస్తున్నాను. ముందుది జారితే వెనక ఉన్నవన్నీ దాని దారిలోనే ఉంటాయి. పైగా పిల్లల్ని సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టి కేరింతలు కొట్టించే తల్లిదండ్రులు! ఆ పసివాళ్ళకు ప్రమాదం తెలియదు. మీకు తెలియదా?

వాగుల దగ్గర అయితే నోరు నొప్పి పుట్టేలా చెప్పినా వినరు. అడుగు లోతున పారే నీళ్ళు చిన్న కారును తేల్చేస్తాయి, రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా లాక్కుపోతాయి. ఫోర్ బై ఫోర్ ఉన్నా ఒకటే, తేలిన బండికి నాలుగు చక్రాల బలం ఎందుకు పనికొస్తుంది? వాగు ముందు ఆగి, కర్రతో లోతు చూసి, కాలినడకన దాటగలిగితేనే బండి దించాలి. నడిచి దాటలేని నీళ్ళలోకి బండి దించకూడదు. 2021 ఆగస్టులో ఇదే వికారాబాద్ జిల్లాలో కొత్త పెళ్ళికూతురు ప్రయాణిస్తున్న కారు వాగులో కొట్టుకుపోయింది, ప్రాణాలు పోయాయి. వాళ్ళు ఆటకు వెళ్ళలేదు, ఇల్లు చేరడానికి వెళ్ళారు. ఆ జిల్లా వాగుల్లోకే ఇవాళ నీళ్ళు ఎంత ఎత్తుకు చిమ్ముతాయో చూద్దామని పందెం కట్టి బండ్లు దించుతున్నారు. ఆ ఇంటివాళ్ళు ఆ వీడియోలు చూస్తే ఏమనుకుంటారో ఒక్కసారైనా తలచుకున్నారా?

ఇంతవరకూ చెప్పింది మన ప్రాణాల సంగతి. మనం వెళ్ళే చోటు మరొకరిదన్న సంగతి అసలు ఎవరికీ పట్టలేదు.

వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టల్లోనే మూసీ పుడుతుంది. హైదరాబాద్‌లో అది మురికికాలువలా కనబడుతుంది కాబట్టి నది అని మరిచిపోయాం. పద్మనాభస్వామి గుడి చుట్టూ ఉన్న అడవి, ఆ అడవి నేల పట్టి ఉంచే వాననీరే దానికి మూలం. అదే గుట్టల్లో 2024 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, కార్లూ బైకులూ రేసులు పెట్టి మట్టి లేపిన వీడియోలు బయటికొచ్చాయి, పత్రికల్లో వార్తలయ్యాయి. నాలుగు రోజులు గోల జరిగింది. మళ్ళీ వానలు పడ్డాయి, మళ్ళీ బండ్లు బయల్దేరాయి.

తడి ఎర్రనేల మీద చక్రం గిర్రున తిరిగితే గాడి పడుతుంది. తర్వాతి వానకు నీళ్ళు ఆ గాడినే దారి చేసుకుంటాయి. కొన్ని వానాకాలాలు గడిచేసరికి అది లోతైన కోతగా మారుతుంది. కొట్టుకుపోయిన పైమట్టి కిందున్న కుంటలో మేట వేస్తుంది. బురద కనబడితే దాన్ని తప్పించుకోవడానికి ఒకడు పక్కనుంచి పోతాడు, ఆ పక్క బురదైతే ఇంకొకడు ఇంకా పక్కనుంచి పోతాడు. ఎడ్లబండి పట్టే బాట ఒక్క సీజన్‌లో లారీ తిరిగేంత వెడల్పవుతుంది. దీనికి మందు చాలా తేలిక. దారి ఉన్నచోటే మధ్యలోంచి పోవాలి, పోలేకపోతే వెనక్కి తిరగాలి. గట్టి వాన పడ్డాక నేల ఆరేదాకా మెత్తటి మట్టిబాటల జోలికి పోకూడదు. ఆ ఒక్క పూట ఆగడం కూడా మనవాళ్ళకు నామోషీ.

తీతువు పిట్ట గూడు కట్టదు. వట్టి నేల మీద, గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు రాళ్ళ రంగులోనే ఉంటాయి, పక్కన నిలబడినా కంటికి ఆనవు. మనం బాట వదిలి మైదానంలో గుండ్రంగా బండి తిప్పి మట్టి లేపే చోటు సరిగ్గా అదే. నెత్తి మీద ఒక పిట్ట అరుస్తూ తిరుగుతుంటే, దాని గోడు ఏమిటో అని ఒక్కడూ బండి ఆపడు. సముద్రం ఒడ్డున ఇంతకన్నా ఘోరం. సూర్యలంక నుంచి విశాఖ దాకా మన తీరానికి శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. ఒక్కొక్కటి ఇసుక తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి పూడ్చిపోతుంది. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు పైకొస్తాయి. బండి పైనుంచి పోతే ఇసుక గట్టిపడి గూడు నలుగుతుంది. బయటికొచ్చిన పిల్లలు చక్రాల గాడిలో పడి నీళ్ళదాకా చేరలేక ఎండకు మాడి, కాకులకు, కుక్కలకు ఆహారమవుతాయి. మనకు మాత్రం పొద్దుపొడుపులో ఇసుక చిమ్ముతున్న బండి ఫొటో కావాలి.

మనుషుల మాటేమిటి? ఒకసారి మా వరసలో కొందరు బండ్లు తిప్పుకోవడానికి చోటు లేదని కందిచేనులోకి దించారు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం, ఆ కంది పండేది ఈ చుట్టుపక్కల చేలలోనే. మోకాలెత్తు మొక్కలు వరసలకు వరసలు నేలకొరిగాయి. చేను గల అవ్వ గట్టు మీంచి పరుగున వచ్చింది. తిట్టలేదు. పడిన మొక్కను పట్టుకుని నిలబెట్టబోయింది, అది నిలవలేదు. "ఏంది బిడ్డా, ఇది మీ కండ్లకు చేను లెక్క కనబడలేదా?" అని అడిగింది. ఒకాయన అద్దం దించి ఐదొందల నోటు చాపాడు, బండి దిగలేదు. ఆ నోటు ఆమె తీసుకోలేదు. అది నేల మీద పడింది, ఆయన అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతకు ఇంతకన్నా నిలువెత్తు రూపం నేను చూడలేదు.

ఊళ్ళోంచి పోయేటప్పుడు నడక వేగానికి తగ్గించాలి, దుమ్ము లేపకూడదు. మేకలు, గొర్లు ఎదురైతే ఇంజన్ ఆపి అవి పోయేదాకా ఆగాలి. తడిక తీసి వెళితే మళ్ళీ మూసి రావాలి. చెరువు కట్ట మీదికి బండి ఎక్కించకూడదు. ఎదురుగా కొండ ఎక్కే బండి వస్తుంటే దిగేవాడు దారి ఇవ్వాలి. పాటలు, సైలెన్సర్ తీసేసిన మోతలు ఊరివాళ్ళకు అక్కర్లేదు. తెచ్చుకున్న ప్లాస్టిక్ అంతా తిరిగి తీసుకెళ్ళాలి. మందు సీసా అసలు బండి ఎక్కకూడదు. ఇందులో ఏ ఒక్కటైనా మన అమ్మమ్మలు, తాతలు మనకు నేర్పని మర్యాదా? ఒకరి ఇంటికి వెళితే చెప్పులు బయట విడిచేవాళ్ళం, ఒకరి అడవికి వెళితే చక్రాలతో తొక్కేస్తున్నాం.

ఈ నిర్లక్ష్యంలో బండి నడిపేవాళ్ళు ఒంటరి కాదు. ప్రకటనల్లో వాగులు చీల్చుకుపోయే బండిని చూపించి అమ్మే కంపెనీలున్నాయి. షోరూంలో పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టించి తాళాలిస్తారు. ఫోర్ లో ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో చెప్పేవాడు ఉండడు. నేర్పే చోట్లు దేశంలో లేకపోలేదు, నాసిక్ దగ్గర ఇగత్‌పురిలో మహీంద్రా వాళ్ళే శిక్షణ కేంద్రం నడుపుతున్నారు. బండి కొన్న ప్రతివాడికీ ఒక పూట శిక్షణ ఊళ్ళోనే ఇవ్వడం ఇన్ని వేల బండ్లు అమ్మేవాళ్ళకు అంత భారమా?

అధికారుల సంగతి చెప్పనక్కర్లేదు. చట్టాలు లేకనా? 1988 మోటారు వాహనాల చట్టం ప్రమాదకరంగా నడపడాన్ని, అనుమతి లేని రేసులను నేరమంటుంది. 1967 నాటి అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిలోకి ఇష్టారాజ్యంగా చొరబడటానికి వీల్లేదంటాయి. అవి ఎప్పుడు కదులుతాయి? వీడియో నలుగురి కంట పడినప్పుడు. 2022లో లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సులోకి కారు దించినవాళ్ళయినా, హుందర్ ఇసుకదిబ్బల మీద బండి తిప్పినవాళ్ళయినా, 2023 డిసెంబరులో హిమాచల్‌లో ట్రాఫిక్ తప్పించుకోవడానికి చంద్ర నదిలో థార్ నడిపినవాడైనా, అందరి సంగతీ బయటపడింది వీడియోల వల్లే. వీడియో తీయనివాడిని ఎవరు పట్టుకుంటున్నారు? గుట్ట కింద ఒక గేటు, ఒక బోర్డు, ఆదివారం పొద్దున ఇద్దరు సిబ్బంది ఉంటే చాలే! అడవికి గాయమయ్యాక జరిమానా రాసే చెయ్యి, గాయం కాకముందు గేటు మూయడానికి ఎందుకు రాదు?

పూర్తిగా నిషేధించండి అని నేను అడగడం లేదు. అలా చేస్తే ఇదే ఆట రాత్రిపూట, దొంగదారుల్లో నడుస్తుంది. అమెరికాలో 1985లో అటవీశాఖే ట్రెడ్ లైట్లీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది, బండి ఎక్కడ నడపవచ్చో, ఎలా నడపాలో జనానికి నేర్పడానికి. మన దగ్గరా చేయవచ్చు. రిజర్వు అడవికి, పొలాలకు దూరంగా కొన్ని బాటలు గుర్తించండి. గుంపుకు ఇన్ని బండ్లే అని, రోజుకు ఇన్ని గుంపులే అని పరిమితి పెట్టండి. వానల్లో మూసేయండి. ప్రతి గుంపు వెంట ఊరి మనిషి దారి చూపేలా, రుసుములో సగం ఆ ఊరికే వెళ్ళేలా చూడండి. వన సంరక్షణ సమితులు మనకు కొత్త కాదు, మారేడుమిల్లిలో అవి పర్యాటకులను చూసుకున్న అనుభవం ఉంది. ప్రథమ చికిత్స తెలిసినవాడు, స్వీప్ బండి, సరైన తాళ్ళు లేని నిర్వాహకుడికి అనుమతి ఇవ్వకండి. ఇందులో కొత్త చట్టం అవసరమైనది ఏదీ లేదు. కుర్చీలోంచి లేచే మనసు కావాలి.

ఆ మనసు వచ్చేదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. డబ్బు కట్టే ముందు నిర్వాహకుడిని అడగండి: స్వీప్ ఎవరు? ఎన్ని బండ్లు? దారి ఎవరి భూమిలోంచి పోతుంది, వాళ్ళ అనుమతి ఉందా? దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, ఏ ఆస్పత్రికి తీసుకెళతారు? జవాబు రాకపోతే డబ్బు కట్టకండి, కట్టి ఉంటే వెనక్కి అడగండి, అందరి ముందూ అడగండి. బిగిసిన తాడు దగ్గర నిలబడ్డవాడు మీ స్నేహితుడైనా రెక్క పట్టుకుని పక్కకు లాగండి. చేలోకి బండి దించినవాడిని ఆ రోజే గుంపులోంచి పంపేయండి. ప్రాణాపాయాన్ని పాటకు కట్టి పెట్టిన వీడియోకు లైకు కొట్టకండి. ఎవరికి వారే యమునా తీరే అనుకునే గుంపు గుంపే కాదు, దాని వెంట వెళ్ళకండి. ఇన్నాళ్ళూ పదిమందిలో ఉన్నాం కదా అని ఊరుకున్నాం. ఆ పదిమందిలో ప్రతి ఒక్కరూ ఊరుకున్నందుకే ఇంత దూరం వచ్చింది. ఒక కుటుంబాన్ని అడవిలో వదిలి భోజనాలకు కూర్చున్నది నిర్వాహకుడొక్కడే కాదు, వరసలో ఉన్న ప్రతి బండీ ఆ తప్పులో వాటాదారే. ఇకనైనా తాళం తిప్పే ముందు వెనక బండి ఎవరిదో తెలుసుకోండి. తెలియకపోతే తాళం తిప్పకండి.